జవాబు ముందే తెలిసిన ప్రాక్టికల్స్

భీమవరంలో కెమిస్ట్రీ ఎక్కడ జరుగుతోందని ఎవరైనా అడిగితే నేను ఏ కాలేజీ గేటూ చూపించను. ఉండి వైపు, ఆకివీడు వైపు వెళ్లే రోడ్ల పక్కన 'ఆక్వా ల్యాబ్' అని బోర్డు కట్టుకున్న కొట్లు చూపిస్తాను. పొద్దున్నే వెళ్లాలి. తాగేసిన నీళ్ల సీసాల్లో రొయ్యల చెరువు నీళ్లు పట్టుకుని రైతులు మోటారు సైకిళ్ల మీద వచ్చి నిలబడి ఉంటారు. లోపల పాతికేళ్లు కూడా నిండని కుర్రాళ్లు బ్యూరెట్ (కొలతగీతలున్న గాజు గొట్టం) ముందు కూర్చుని ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమోనియా, నైట్రైట్ ఒకదాని వెంట ఒకటి చూసేస్తుంటారు. వాళ్లలో చాలామంది మా బీఎస్సీ పిల్లలే. చీటీ మీద పడే అంకెను బట్టి ఆ పూట మేత తగ్గించాలా, సున్నం చల్లాలా, నీళ్లు మార్చాలా, లేక పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టేయడానికి, వెళ్లిపోవాలా అన్నది తేలుతుంది. ఒక్కోసారి లక్షల రూపాయల నిర్ణయం అది.

అదే కుర్రాడు ఏడాదో రెండేళ్లో కిందట నా ల్యాబ్‌లో అదే ఈడీటీఏ టైట్రేషన్ చేసి ఉంటాడు, అంటే రంగు మారేదాకా రసాయనం చుక్కలు చుక్కలుగా వదిలి హార్డ్‌నెస్ కొలవడం. ముగింపు చూపించే అదే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, అదే ఎర్ర ద్రాక్ష రంగు నీలంగా మారడం. కాకపోతే అక్కడ ఎంత రావాలో స్టోర్స్ చూసే అసిస్టెంటు దగ్గర్నుంచి చివరి బెంచీ దాకా అందరికీ తెలుసు. తెలియనివాడు పక్కవాణ్ని అడుగుతాడు. పక్కవాడు పోయినేటి రికార్డు చూస్తాడు.

నా గొడవ ఇదే. గోదావరి డెల్టాలో ఓ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ బతుకుతున్నదాన్ని. మా దగ్గర సైన్సు చదువు పాడవడానికి కారణం డబ్బు లేకపోవడమనీ, పరికరాలు లేకపోవడమనీ, పిల్లలు ఇంజనీరింగుకి పోవడమనీ అందరూ అంటారు. అవీ ఉన్నాయి, కాదనను. కానీ అన్నిటికన్నా పెద్ద కారణం, జవాబు ముందే తెలిసిన కొలతలు తప్ప మా పిల్లల చేత ఇంకేవీ చేయించకపోవడం. కాలేజీ గోడ దాటితే జవాబు ఎవరికీ తెలియని కొలతలు చెరువు చెరువుకీ ఉన్నాయి. వాటిని మేం లోపలికి రానివ్వం.

ప్రాక్టికల్ పరీక్ష అనే తంతు తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. సాల్ట్ ఎనాలిసిస్ ఉంటుంది. తెల్లటి పొడి ఇస్తారు. దాన్లో కేటయాన్ (ధన అయాను) ఏదో ఆనయాన్ (రుణ అయాను) ఏదో కనిపెట్టమంటారు. నైట్రేట్ అయితే బ్రౌన్ రింగ్ టెస్టు, గొట్టంలో గోధుమ రంగు ఉంగరం కనపడాలి. ఉంగరం రాకపోయినా రికార్డులో ఉంగరం వస్తుంది, పెన్సిలుతో చక్కగా షేడింగ్ చేసి మరీ. టైట్రేషన్‌లో మూడు రీడింగులు తీయాలి. మూడూ 10.2, 10.2, 10.2 అని ఉంటాయి. ఏ బ్యూరెట్టూ, ఏ చెయ్యీ మూడుసార్లు అంత బుద్ధిగా ప్రవర్తించదని చెబితే పిల్లలు నావైపు జాలిగా చూస్తారు. 10.1, 10.3, 10.2 అని రాసిన పిల్లవాడికి బయటి నుంచి పరీక్ష చేయడానికొచ్చే ఎక్స్‌టర్నల్ గారు మార్కు కోసేస్తే ఆ నష్టం నేనిస్తానా మరి? పిల్లల్ని అని లాభం లేదు. నిజం రాస్తే మార్కు పోయే చోట వాళ్లు చేస్తున్నది తెలివైన పనే.

ఫిజిక్స్ వాళ్ల సంగతి ఇంతకన్నా మెరుగనుకోకండి. తీగచుట్టలో కరెంటు పారితే పుట్టే అయస్కాంత క్షేత్రం కొలిచే స్టూవర్ట్ అండ్ గీ పరికరం దుమ్ము దులిపి టేబుల్ మీద పెడతారు, ఉత్తర దక్షిణాలకి సర్దుతారు, రీడింగులు గ్రాఫు మీద నున్నటి గీతలో కూర్చుంటాయి. ప్రిజం వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) ఎప్పుడు చూసినా 1.5 దగ్గరే వస్తుంది. ఎందుకంటే రావాలి కాబట్టి.

2023-24లో మా రాష్ట్రంలో డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పద్ధతి పోయి ఒకటే మేజరు, పక్కన ఒక మైనరు వచ్చాయి. పేపర్ల పేర్లు మారాయి, క్రెడిట్లు మారాయి. టైట్రేషన్ మాత్రం 10.2 దగ్గర అలాగే ఉంది.

ఇక చెరువు దగ్గరికి వెళ్దాం.

రొయ్యల రైతుకి అమోనియా అంటే భయం. మేత మిగిలినా, రొయ్యల విసర్జన పేరుకున్నా నీళ్లలో అమోనియా పెరుగుతుంది. ల్యాబ్ చీటీలో సాధారణంగా మొత్తం అమోనియా ఎంతో రాస్తారు. కానీ నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమోనియం అయాను, దాని వల్ల పెద్ద హాని లేదు. రెండోది విద్యుదావేశం లేని అమోనియా, మొప్పల్లోంచి సూటిగా లోపలికి పోయేది అదే. ఏది ఎంత అన్నది పీహెచ్, అంటే నీటి ఆమ్ల క్షార గుణం చెప్పే అంకె, నిర్ణయిస్తుంది. మా దగ్గర నీళ్లు 30 డిగ్రీల వేడి మీద ఉన్నప్పుడు పీహెచ్ 8 అయితే మొత్తంలో విషపు రూపం నూటికి ఏడెనిమిది వంతులు. పీహెచ్ 9కి చేరితే అది నూటికి 45 దాకా పోతుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు, బీఎస్సీ పిల్లలు కంఠతా పట్టే హెండర్సన్ సమీకరణంలో పీకేఏ (రెండు రూపాలూ సగం సగం ఉండే పీహెచ్) దగ్గర 9.1 వేసి లెక్క కడితే వచ్చేదే.

ఇప్పుడు చెరువులో రోజంతా ఏం జరుగుతుందో చూడండి. పొద్దెక్కిన కొద్దీ నీళ్లలోని నాచు కిరణజన్య సంయోగక్రియతో కార్బన్ డయాక్సైడు లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. రాత్రంతా చెరువులోని ప్రాణులన్నీ శ్వాసతో కార్బన్ డయాక్సైడు వదులుతాయి, తెల్లారేసరికి పీహెచ్ కిందికి దిగుతుంది. అంటే పొద్దున ఆరింటికి పట్టిన సీసాలో భయం లేదనిపించిన అమోనియానే మధ్యాహ్నం మూడింటికి రొయ్యల్ని చంపి తేల్చేయగలదు. చీటీ మీద అంకె మారదు, చెరువు మారుతుంది. 'పొద్దున టెస్టులో బానే ఉందన్నారండి, మధ్యాహ్నానికి ఇలా అయిపోయిందేంటండి' అని ఒక రైతు నా ఎదుటే ల్యాబ్ కుర్రాణ్ని నిలదీశాడు. కుర్రాడు నా స్టూడెంటే. బఫర్ల (పీహెచ్‌ని తేలిగ్గా మారనివ్వని ద్రావణాల) మీద, అంటే ఆ హెండర్సన్ సమీకరణం ఉన్న పాఠం మీద, సెమిస్టర్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాడు. నావైపు చూశాడు. ఆ సమీకరణమూ ఈ చెరువూ ఒకటేనని వాడికి మేమెవరం చెప్పలేదు.

ఆ తర్వాత నుంచి క్లాసులో బఫర్ పాఠం ఎసిటిక్ యాసిడ్, సోడియం ఎసిటేట్‌లతో మొదలుపెట్టడం మానేశాను. సిలబస్‌కి అవి కావాలి గనక చివర్లో చెబుతాను. మొదట అమోనియా, చెరువు, మధ్యాహ్నం మూడు గంటలు. సగం మంది ఇళ్లలో సొంత చెరువో, చెరువుకి లీజుకిచ్చిన పొలమో, చెరువు మీద జీతమో ఉంటుంది. వినకుండా ఉండలేరు.

కొలత సంగతికి వస్తే వింక్లర్ పద్ధతి దగ్గర కాసేపు ఆగాలి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (మా రైతుల భాషలో డీవో) కొలిచే పద్ధతిని వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రవేత్త 1888లో చెప్పాడు. నీళ్లలో మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేస్తే ఆక్సిజన్ మాంగనీసుని పట్టుకుని గోధుమ రంగు మడ్డిగా దిగుతుంది. ఆమ్లం పోస్తే ఆ మడ్డి కరిగి, ఎంత ఆక్సిజన్ ఉందో దానికి సరిపడా అయొడిన్ విడుదలవుతుంది. స్టార్చి వేస్తే నీలం. థయోసల్ఫేటు చుక్కలు చుక్కలుగా వదులుతుంటే నీలం పోయిన చోటే ముగింపు. ఇంత ముచ్చటైన టైట్రేషన్ ఇంకోటి లేదని నా అభిప్రాయం. గాలి తగలకుండా సీసా నింపడం దగ్గరే సగం మంది చేతి పనితనం బయటపడుతుంది.

మా పిల్లల చేత కుళాయి నీళ్లతో చేయించినంత కాలం అంతా సజావుగానే నడిచింది. ఒకసారి ఎవరి చెరువు నీళ్లు వాళ్లు తెచ్చుకోండర్రా అన్నాను. కాళ్ల మండలం నుంచి వచ్చే అమ్మాయి తెచ్చిన నీళ్లలో నీలం పోయింది. రీడింగు రాసుకునేలోపే మళ్లీ వచ్చేసింది.

'మేడం, మళ్లీ నీలం వచ్చేసిందండి.'

ఇంకో చుక్క వేస్తే పోయింది. మళ్లీ వచ్చింది. పక్కనున్న కుర్రాడు, 'మొదటిసారి పోయిందే రాసెయ్' అన్నాడు. ఆ మాటలో మూడేళ్ల మా చదువంతా ఉంది.

ఆ రీడింగు రాసెయ్యలేదు. ఎందుకొస్తోందని వెతికాం. ఆ నీళ్లలో నైట్రైటు ఎక్కువగా ఉంది. ఆమ్లంలో నైట్రైటు కూడా అయొడైడుని అయొడిన్‌గా మారుస్తుంది. ఆ పనిలో అది నైట్రిక్ ఆక్సైడుగా మారుతుంది, దానికి పైనున్న గాలిలోని ఆక్సిజన్ తగిలితే మళ్లీ నైట్రైటై వచ్చి ఇంకాస్త అయొడిన్ పుట్టిస్తుంది. అందుకే నీలం పోదు. ఇలాంటి నీళ్లకి సోడియం అజైడు కలిపి నైట్రైటుని ముందే చంపేసి కొలవాలని పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. పిల్లలకి రెడాక్స్ చర్య (ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్య) అంటే ఏమిటో, ఒక కొలతలో ఇంకోటి ఎలా దూరుతుందో ఆ మధ్యాహ్నం తెలిసినంతగా సెమిస్టరంతా నేను బోర్డు మీద రాసినా తెలియలేదు. పైగా ఆ చెరువులో నైట్రైటు ఉందన్న కబురు కూడా అప్పుడే బయటపడింది. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారికి ఈ చక్రం సంగతంతా ఫోనులో చెప్పబోయాను. 'అదంతా ఎందుకండి మేడంగారూ, నీళ్లు మార్చాలా వద్దా చెప్పండి చాలు' అన్నారాయన. ఆయన అడిగిందీ న్యాయమే.

రంగు ఆలస్యంగా రావడం, పోయిన రంగు తిరిగి రావడం లాంటివి చిన్న విషయాలనుకునేవాళ్లకి భీమవరంలోనే పుట్టిన ఒకాయన కథ చెప్పాలి. ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టారు. మందుల విషయంలో ఆయన పేరు అందరూ చెబుతారు, ఫోలిక్ యాసిడ్ అనీ, బోదకాలు మందు అనీ. నాకు ఆయన అంతకు ముందు హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన పని మీద మోజు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో అచ్చువేశారు. ఫాస్ఫేటు మోలిబ్డేటుతో కలుస్తుంది, దాన్ని క్షయకరణం చేస్తే (ఎలక్ట్రాన్లు అందిస్తే) చిక్కటి నీలం వస్తుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత. ఇంతే.

ఆ పద్ధతిని కండరపు రసం మీద ప్రయోగిస్తే నీలం రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా, మెల్లమెల్లగా చిక్కబడింది. పరీక్షలో మన పిల్లవాడైతే ఇంకాస్త రియేజెంటు పోసి, రావలసిన అంకె రాసి లేచిపోతాడు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేటు ఊరికే లేదనీ, తేలిగ్గా విడిపోయే ఏదో పదార్థానికి అతుక్కుని ఉందనీ, ఆమ్లంలో అది మెల్లగా విడిపోతూ రంగునిస్తోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో. రెండేళ్ల తర్వాత అదే దారిలో కండరం నుంచి ఏటీపీని, అంటే కణాల్లో శక్తిని మోసే పదార్థాన్ని, వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నాడు. ప్రాణి శరీరంలో శక్తి ఎలా చేతులు మారుతుందన్న కథలో పెద్ద అధ్యాయం, రంగు కాస్త ఆలస్యంగా వచ్చిందన్న విసుగుని చూసీ చూడనట్టు వదిలేయకపోవడం వల్ల తెరుచుకుంది.

ఆ నీలం ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంది. చెరువు నీళ్లలో ఫాస్ఫేటు చూడడానికైనా, మట్టిలో అందుబాటు భాస్వరం చూడడానికైనా అదే మోలిబ్డినం నీలం. క్షయకరణానికి వాడే రసాయనం మారింది, ఇప్పుడు ఎక్కువగా ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే సి విటమినే, వాడతారు. అసలు రసాయనం మారలేదు. ఆయన పుట్టిన ఊళ్లో ఆయన వాడిన రసాయనంతో రోజూ పరీక్షలు జరుగుతున్నాయి. ఆ పరీక్ష చేసే పిల్లలకి ఈ సంగతి చెప్పే పాఠం మాత్రం సిలబస్‌లో లేదు. జయంతికి దండ వేయడం ఉంది.

భీమవరానికి దగ్గర్లోనే గొరగనమూడి ఉంది. ఆ ఊళ్లో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. యోగం మీద ఉపన్యాసాలివ్వడానికి జర్మనీ వెళ్లిన మనిషి అక్కడ ఫిజిక్సులో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద, ఆ తర్వాత లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. 1950లలో విశాఖ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్సుని నిలబెట్టారు. ఆ ప్రయోగశాలలకి ఆయన పేరే ఉంది. గాలి పూర్తిగా లాగేసిన గొట్టాలు తయారుచేయడంలో, అధిక శూన్యం సాధించడంలో ఆయన దిట్ట. సూక్ష్మంగా కొలవాలంటే పరికరం చేతులతో కట్టుకోవలసిన రోజులవి.

2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా మా గోదావరి జిల్లాల కాలేజీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ కిందివే. కాబట్టి ఆ తరం మా తాతల తరమే అనుకుంటాను. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సూరి భగవంతం ఆంధ్రా యూనివర్సిటీ ఫిజిక్సులో ఉండేవారు. కెమిస్ట్రీకి 1930లలో టి.ఆర్. శేషాద్రి వచ్చారు. శేషాద్రి గారి బృందం ఏం చేసిందో మా పీజీ పిల్లలకి చెబితే నమ్మరు. పత్తి పువ్వుల్లోని రంగులు వేరుచేసి వాటి నిర్మాణం తేల్చారు. గోంగూర జాతి పువ్వుల్లోంచి హిబిసెటిన్ అనే ఫ్లేవనాల్‌ని (మొక్కల్లోని ఒక రకం రంగు పదార్థాన్ని) పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఇప్పుడున్న పరికరాల్లో ఒక్కటీ లేకుండా. కంచె మీది పువ్వు కోసుకొచ్చి ప్రపంచానికి కొత్త సంగతి చెప్పారన్నమాట. 'ఇంటర్నేషనల్ లెవెల్' రీసెర్చి అంటే మనకి సంబంధం లేనిదే అయి ఉండాలన్న నమ్మకం ఆ తర్వాత ఎప్పుడో పట్టుకుంది.

ఇప్పటి రీసెర్చి గురించి నాలుగు మాటలు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అంటే మా ప్రాంతంలో చాలావరకు ఫలానా మాత్రలో మందు ఎంతుందో కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రం) పద్ధతి తయారుచేసి, అది సరిగ్గా పనిచేస్తుందని వేలిడేషన్ చేయడం. ఫిజిక్సు వైపు రెండు ద్రవాలు కలిపి వాటిలో అల్ట్రాసోనిక్ (చెవికి వినపడని ధ్వని) వేగం కొలవడం, లేదంటే గాజులో ఏదో ఆక్సైడు కలిపి వర్ణపటాలు తీయడం. ఈ మధ్య రెండువైపులా ఆకు పసరుతో వెండి నానో కణాలు వచ్చిపడ్డాయి. వేపాకు అయింది, తులసి అయింది, మునగాకు అయింది, పెరట్లో ఇంకేం మిగిలిందో తెలియదు. వీటిలో దేన్నీ పనికిమాలినదని అనను. అల్ట్రాసోనిక్ కొలతలు శ్రద్ధగా చేసినవాళ్లని నేనెరుగుదును. ఫార్మా కంపెనీల్లో మా పిల్లలకి ఉద్యోగాలిచ్చింది ఆ హెచ్‌పీఎల్‌సీయే. కానీ ఈ ప్రశ్న ఎవరికి కావాలి అని అడిగితే ఎక్కువసార్లు వచ్చే జవాబు, జర్నల్‌కి అని. ప్రమోషన్‌కి పాయింట్లు కావాలి, పాయింట్లకి పేపర్లు కావాలి, పేపర్లు తొందరగా రావాలంటే ఫలితం ముందే ఊహకి అందే పని కావాలి. అంటే మళ్లీ జవాబు తెలిసిన ప్రాక్టికల్. కాకపోతే ఈసారి ఇంగ్లీషులో అచ్చవుతుంది.

ఫిజిక్స్ మేష్టార్లు దీన్ని చదివి 'చెరువులు కెమిస్ట్రీ వాళ్లవి, మాకేంటి' అంటారని తెలుసు. గట్టు మీద రైతు చేతిలో చిన్న దుర్భిణీలాంటిది చూశారా? రెండు చుక్కల నీళ్లు వేసి, వెలుతురు వైపు ఎత్తి, లోపలికి చూసి 'ఎనిమిది ఉందండి ఉప్పు' అంటాడు. అది రిఫ్రాక్టోమీటరు. ఉప్పు పెరిగితే వక్రీభవన గుణకం పెరుగుతుంది, సందిగ్ధ కోణం జరుగుతుంది, నీలానికీ తెలుపుకీ మధ్య గీత కదులుతుంది. మీరు స్పెక్ట్రోమీటరు మీద కనిష్ఠ విచలన కోణంతో కొలిపించేదీ ఆ గుణకాన్నే. మీ పిల్లలకి ఆ గొట్టం ఇచ్చి, వేడి పెరిగితే దాని రీడింగు ఎంత తప్పుతుందో తేల్చమనండి. మధ్యాహ్నం ఎండలో చూసిన రీడింగునీ తెల్లవారుజామున చూసిన రీడింగునీ రైతు ఒకే కంటితో నమ్ముతున్నాడు.

ఇంకోటి, బోరుబావులు. సముద్రం దగ్గరి నరసాపురం, మొగల్తూరు, సఖినేటిపల్లి వైపు వెళ్లండి. కొంచెం లోతు దింపితే ఉప్పు నీళ్లు పడతాయని ముసలివాళ్లు కూడా చెబుతారు. మంచినీటి సాంద్రత 1 అయితే సముద్రపు నీటిది 1.025. ఆ తేడా 0.025. మంచినీరు సముద్ర మట్టం కంటే 1 మీటరు ఎత్తున నిలిచి ఉంటే, కింద సముద్రపు నీటి మీద తేలుతూ సుమారు 40 మీటర్ల లోతు దాకా ఉంటుంది. దీన్నే గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అంటారు. అదే లెక్కని తిరగేస్తే, పైన నీటిమట్టం 1 మీటరు పడిపోతే కింద ఉప్పు 40 మీటర్లు పైకి వస్తుంది. ఇంటర్ పిల్లవాడికి కూడా అర్థమయ్యే హైడ్రోస్టాటిక్స్. ఇంతా చేసి మా డెల్టాలో ఈ సూత్రం సూటిగా పనిచేయదు, బంకమట్టి పొరలున్నాయి, సముద్రం వెనక్కి జరిగినప్పుడు లోపల చిక్కుకుపోయిన పాత ఉప్పునీరుంది, పైనుంచి ఉప్పునీటి చెరువుల ఊట ఉంది. సూత్రానికీ బోరుకీ మధ్య ఉన్న ఆ తేడాలోనే ఒక మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఉంది. దానికి కావలసింది ఒక తాడు, నీళ్లలో ఉప్పు అంచనా చెప్పే ఒక కండక్టివిటీ మీటరు, సైకిలు.

జియోలైటు సంగతి చెప్పకుండా ఉండలేను. అమోనియా పెరిగిందంటే బస్తాలకి బస్తాలు జియోలైటు అనే ఖనిజపు పొడి చల్లుతారు. అది అయాన్ మార్పిడితో అమోనియం అయాన్లని పట్టుకుంటుందని సంచి మీద రాసి ఉంటుంది. మంచినీళ్లలో కొంత నిజమే. ఉప్పునీళ్లలో? లీటరుకి 10 గ్రాముల ఉప్పున్న చెరువులో సోడియమే సుమారు 3000 మిల్లీగ్రాములుంటుంది, అమోనియా ఒకటో రెండో మిల్లీగ్రాములు. జియోలైటులోని స్థానాల కోసం ఆ రెండూ పోటీ పడితే ఎవరికి దొరుకుతాయి? క్లాసులో ఈ లెక్క వేయించాను. వెనక బెంచీలో ఒకడు, 'మా నాన్న నిన్ననే ఇరవై బస్తాలు కొట్టించాడండి' అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడు తప్ప.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. జవాబు తెలియని కొలత అంటే, జవాబు ఎవరికి నచ్చుతుందో కూడా తెలియని కొలత. ప్రిజం గుణకం 1.5 వస్తే ఎవరికీ బాధ లేదు. ఫలానా కాలవలో చెరువుల నుంచి వదిలిన ఉప్పు ఇంత ఉంది అన్న అంకెకి మాత్రం యజమానులుంటారు. వాళ్లలో కొందరు కాలేజీ కమిటీల్లో ఉంటారు, మరికొందరు మా పిల్లల తండ్రులు. తుందుర్రులో ఆక్వా పార్కు వద్దని జనం రోడ్డెక్కిన రోజులు మా జిల్లాలో అందరికీ గుర్తే. దాని వ్యర్థాలు కలుస్తాయని జనం భయపడ్డ గొంతేరు డ్రెయిన్ నీళ్ల గురించి ఎంత మాట్లాడుకున్నారో! ఆ రోజుల్లో రెండువైపులా గొంతులు విన్నాను. పాతిక కిలోమీటర్ల లోపు అన్ని డిగ్రీ కాలేజీలుండి, ప్రతి దాన్లో కెమిస్ట్రీ ల్యాబ్ ఉండి, ఏటా వందలమంది పిల్లలు టైట్రేషన్లు చేస్తూ ఉండి, 'ఇదిగో మేం ఏడాది పొడవునా నెలనెలా కొలిచిన పట్టిక' అని బల్ల మీద పెట్టినవాళ్లు మాలో నాకు ఒక్కరూ కనపడలేదు. పెట్టి ఉంటే ఏ పక్షానికి ఉపయోగపడేదో తెలియదు. బహుశా ఇద్దరికీ నచ్చేది కాదు.

యూనివర్సిటీ అంటే మత్స్యశాఖ ఆఫీసు కాదు, మూల సిద్ధాంతాలు చెప్పాల్సిన చోటు, చెరువుల వెంట తిరిగితే ఆ స్థాయి పోతుంది అని ఒక పెద్దాయన నాతో వాదించారు. ఆయనంటే నాకు గౌరవం. క్వాంటం మెకానిక్స్ ఆయన చెబితే వినాలి. కానీ ఈ వాదన నేనొప్పుకోను. చెరువు నీళ్లు తేవడమంటే రైతు పని చేసిపెట్టడం కాదు, ఆ పని రోడ్డు మీది కొట్లు మనకంటే వేగంగా చేస్తున్నాయి. రంగు ఎందుకు తిరిగొచ్చిందని అడగడం వాళ్లకి కుదరదు, బయట ఇంకో పదిమంది సీసాలతో నిలబడి ఉంటారు. అడిగే తీరిక జీతమిచ్చి మరీ మాకిచ్చారు. నీలం ఆలస్యంగా వచ్చిందేమని ఆగి అడగడం మూల విజ్ఞానం కాకపోతే, మరేది మూల విజ్ఞానమో నాకు తెలియదు.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. జవాబు తెలియకపోతే మార్కులెలా వేస్తారు? ఎక్స్‌టర్నల్ గారికి ఒక పూటలో ముప్పై మందిని చూసి పంపాల్సి ఉంటుంది. దీనికి జవాబు ప్రతి మంచి ఎనలిటికల్ ల్యాబ్‌లోనూ ఉంది, మా పరీక్షలోనే లేదు. ఒకే సీసా నీళ్లు ఇద్దరు పిల్లలకి విడివిడిగా ఇచ్చి వాళ్ల అంకెలు ఎంత దగ్గరగా వచ్చాయో చూడవచ్చు. పోల్చి చూసుకోవడానికి స్వేదనజలంతో ఖాళీ రీడింగు (బ్లాంక్) తీశాడా లేదా చూడవచ్చు. తెలిసినంత ఫాస్ఫేటుని చెరువు నీళ్లలో కలిపి, కలిపినదాంట్లో ఎంత తిరిగి దొరికిందో లెక్క కట్టమనవచ్చు. నూటికి 95 దొరికితే చెయ్యి మంచిదే. 60 దొరికితే, ఎందుకు తగ్గిందో రెండు వాక్యాలు రాసినవాడికి మొదటివాడి కంటే ఎక్కువ మార్కులు వేస్తాను. 10.2, 10.2, 10.2 రాసినవాణ్ని మళ్లీ బ్యూరెట్ దగ్గరికి పంపుతాను. వీటికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, ప్రశ్నపత్రంలో ఒక్క లైను మారాలి.

అజైడు కొనడం మాత్రం కష్టమే. అది విషం, ఆమ్లం తగిలితే ఇంకా ప్రమాదకరమైన ఆవిరి వస్తుంది. మా ల్యాబ్‌లో పొగ లాగే ఫ్యూమ్ హుడ్ ఉందిగానీ ఫ్యాను తిరగదు. దాని బదులు సల్ఫామిక్ ఆమ్లం కూడా నైట్రైటుని తీసేస్తుంది, చవక, బెడద తక్కువ. ఇండెంటులో అదే రాశాను. 'ఇది సిలబస్‌లో లేదు కదా మేడం' అని స్టోర్స్ నుంచి కాగితం తిరిగొచ్చింది. సిలబస్‌లో పేజీ నెంబరు వేసి మళ్లీ పంపాను. నీటిలో కరిగిన ఆక్సిజన్ నిర్ధారణ అని ఉంది అక్కడ, ఏ నీరో రాయలేదు.